ఐదో తడవ పాలు

“ఆ పాలు లెక్కలోకి రావు,” అంది హజ్జా ఇన్సాఫ్, రొట్టె ముక్కను పళ్ళెం అంచున పెట్టి.

కోడలు నాహెద్ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. “ఏ పాలు అత్తయ్యా?”

“మీ చెల్లెలు వఫియ్యా మన పిల్లకి పట్టిన పాలు. ఐదు తడవలు అయ్యాయని మేడ మీదున్న వాళ్ళకి కూడా బస్బూసా మిఠాయి పంచావే, ఆ పాలు.”

రఊఫ్ తల్లి వైపు చూశాడు. అతని ఒడిలో ఏడు నెలల జుమానా దోసకాయ ముక్కను బోసి నోటితో చీకుతోంది. దాన్ని పెంచుకోవడానికి ఈ ఇంటికి తెచ్చి డెబ్బై రోజులు దాటింది. ఐదు తడవలు కడుపు నిండా పాలు పట్టినావిడ మతం ప్రకారం పిల్లకి తల్లి అవుతుంది, ఆమె తోబుట్టువులు పరాయివాళ్ళు కారు. ఆదివారం అనాథ పిల్లల సంస్థ నుంచి మాగ్దా మేడమ్ వచ్చి పాల కాగితం చూసి సంతకం పెట్టిస్తే ఇక దాన్ని ఎవరూ తీసుకుపోరు. ఇవాళ శుక్రవారం.

“ఐదుసార్లూ కడుపు నిండా తాగింది,” అంది నాహెద్. “నేను పక్కనే ఉన్నాను. పక్కింటావిడా చూసింది.”

“తాగలేదన్నానా? తాగితే నువ్వు దానికి ఏమవుతావు, చెప్పు.”

“పెద్దమ్మని.”

“మరి వీడు?”

నాహెద్ గరిటె గిన్నెలో పెట్టేసింది.

“పెద్దమ్మ మొగుడు,” అని హజ్జాయే జవాబు చెప్పింది. “పెద్దమ్మ మొగుడు పరాయి మగాడు. రేపు దీనికి పన్నెండేళ్ళొస్తే తలగుడ్డ కప్పుకుని తిరగాలి, వీడి ముందు, వీడి ఇంట్లోనే. జ్వరమొస్తే నుదురు ముట్టుకోడానికి వీడు వెనకా ముందూ చూసుకోవాలి. ఎవరికి తల్లిని చేశావమ్మా నువ్వు ఆ వఫియ్యాని?”

ములుఖియ్యా గిన్నెలో ఆకుకూర మీద మీగడలా పొర కడుతోంది. ఎవరూ వడ్డించుకోలేదు.

పొరపాటు ఎక్కడ జరిగిందో ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. మొదట వాళ్ళు మగపిల్లాడి కోసం అర్జీ పెట్టుకున్నారు. మగపిల్లాడైతే పెంచే ఆడది వాడికి పరాయిది కాకూడదు కాబట్టి ఆమె చెల్లెలి పాలు సరిపోతాయి. దమన్‌హూర్ ఊరి నుంచి వఫియ్యాని రప్పించుకోవాలని అప్పుడే మాటయింది. తీరా సంస్థకి వెళ్తే, మూడో ఊయలలో ఈ పిల్ల పడుకుని నాహెద్ గాజు పట్టుకుని వదల్లేదు. అర్జీ మారింది, పిల్ల మారింది, పాల ఏర్పాటు మాత్రం పాతదే నడిచింది. ఇంతమంది పెద్దవాళ్ళున్న ఇంట్లో ఒక్కరికీ తట్టలేదంటే, సంతోషంలో బుర్ర పనిచేయదనే చెప్పాలి.

“ఆడపిల్లకి పాలు మగాడి వైపు నుంచి రావాలి,” అంది హజ్జా, ఇప్పుడు కాస్త మెత్తగా. “మన రబాబ్ పట్టి ఉంటే వీడు మేనమామ అయ్యేవాడు. అక్కడితో అయిపోయేది.”

మేనమామకి పిల్లనిచ్చే అలవాటు మా దగ్గర లేదు. ఇక్కడ మేనమామ అంటే తండ్రి పక్కన నిలబడేవాడు. పిల్ల అతని ముందు తలగుడ్డ తీసి జడ అల్లుకోవచ్చు, అతని మెడకి వేలాడొచ్చు, పెళ్ళిలో అతని భుజం మీద తల పెట్టి ఏడవొచ్చు.

రఊఫ్ అప్పటికి నోరు విప్పాడు. “నేను సర్కారు ఆఫీసు నుంచే తెచ్చుకుందామన్నాను.”

“ఇప్పుడు అది తీస్తావా?”

“తీస్తాను. అక్కడ ఈ పాల కాగితం అడగరు. మూడు నెలల గడువూ పెట్టరు. నువ్వే సంస్థ అన్నావు. సంస్థ వాళ్ళు మంచివాళ్ళు, కూర్చోబెట్టి టీ ఇచ్చారు, నాతోపాటు కళ్ళు తుడుచుకున్నారు అన్నావు.”

“ఆఫీసులో మన కాగితం ఎన్నాళ్ళు పడుంది? పద్నాలుగు నెలలు. ప్రతిసారీ వచ్చే వారం రమ్మన్నాడు. ఆ వచ్చే వారం వచ్చేసరికి నాకు జుట్టు నెరిసేది.”

“నెరిస్తే నెరిసింది. ఇప్పుడు పిల్లని ఇచ్చి మళ్ళీ లాక్కుంటే?”

“అలా అనకు.”

“అనకపోతే ఆగుతుందా? వాళ్ళ షరతుల్లోనే ఉంది. పాల వరస కుదరకపోతే కుదిరే ఇంటికి మారుస్తారు. నేను చదివే సంతకం పెట్టాను.”

“అయితే సంస్థ మారదాం.”

“మారదాం. జుమానాని వాళ్ళకి అప్పజెప్పి మారదాం. పిల్ల వాళ్ళది నాహెద్. మనం ఎటు మారినా ఇది మనతో రాదు.”

అతను గొంతు పెంచలేదు. ట్రాము డిపోలో ఇరవై ఏళ్ళుగా చక్రాల కింద పడుకుని పనిచేసే మనిషి, ఇంట్లో గొంతు పెంచడం ఎప్పుడూ లేదు. అందుకే నాహెద్‌కి ఇంకా భయం వేసింది. పాలు తెప్పించుకునే మందు తానే వాడదామని వసంతంలో ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళింది. కాలి నరంలో పాత రక్తపు గడ్డ ఉందనీ, ఆ మందు వేసుకుంటే పిల్ల కంటే ముందు నువ్వు పోతావనీ ఆయన చెప్పేశాడు. ఆ దారి అప్పుడే మూసుకుపోయింది.

“మాగ్దా మేడమ్‌కి రబాబ్ పట్టిందని చెప్పేస్తే?” అంది నాహెద్.

“పట్టినావిడ ఎదురుగా కూర్చుని సంతకం పెట్టాలి,” అన్నాడు రఊఫ్. “అయినా నాకు కావలసింది కాగితం కాదు. రేపు ఇది పరిగెత్తుకుంటూ వస్తే నేను ఎత్తుకోవాలా వద్దా, అది కావాలి నాకు.”

జుమానా దోసకాయ ముక్క కింద పడేసి అతని మీసం పట్టుకుంది. అతను విడిపించుకోలేదు.

“రబాబ్‌కి ఇంకా పాలున్నాయి,” అంది హజ్జా, పళ్ళెం వైపు చూస్తూ. “చిన్నదానికి మాన్పిస్తోంది. ఈ వారమో పై వారమో.”

ఆ ఇంట్లో రబాబ్ పేరు ఎత్తి రెండేళ్ళు దాటింది.

* * *

“నేనూ వస్తాను,” అన్నాడు రఊఫ్.

“వద్దు. నిన్ను చూస్తే మీ చెల్లెలు ఏడుస్తుంది. నన్ను చూస్తే తిడుతుంది. తిట్టనీ, పని త్వరగా అవుతుంది.”

రెండు సందుల అవతల మూడో అంతస్తు. నాహెద్ పిల్లని చంకనేసుకుని ఎక్కేసరికి తలుపు తెరిచే ఉంది. రబాబ్ నేల మీద కూర్చుని ద్రాక్ష ఆకుల్లో బియ్యం చుడుతోంది. తలెత్తి చూసింది. చేతిలో ఉన్న ఆకు సగం చుట్టి ఆగింది.

“అన్నయ్యకేమైనా అయిందా?”

“లేదు. బాగానే ఉన్నాడు.”

“అమ్మకి?”

“అందరూ బాగున్నారు.”

రబాబ్ ఊపిరి వదిలి ఆకు చుట్టడం పూర్తి చేసింది. “అయితే దారి తప్పావా వదినా?”

నాహెద్ గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పేసింది. వఫియ్యా, ఐదు తడవలు, పంచిన బస్బూసా, అత్తగారి లెక్క. ఏదీ దాచలేదు, దాచితే రబాబ్ పట్టేస్తుంది. పెద్దమ్మ మొగుడు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి రబాబ్ నవ్వడం మొదలుపెట్టింది. గిన్నె పక్కకి జరిపి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

“మగపిల్లాడి పాలు ఆడపిల్లకి పట్టించారా? ఇద్దరూ చదువుకున్నవాళ్ళు.”

“నవ్వుకో. నవ్వాక చెప్పు.”

రబాబ్ నవ్వు ఆపింది. వీధిలో కిరోసిన్ బండి వాడు ఇనుప ముక్కతో పీపా మీద కొట్టుకుంటూ పోతున్నాడు.

“నా దాన్ని వద్దన్నావు,” అంది రబాబ్.

“అన్నాను.”

“నా కడుపులో ఆరో నెల. నీ మంచం మీద నీ పక్కనే కూర్చుని చెప్పాను. నాలుగోది, నేను సాకలేను, అన్నయ్య రక్తం, నువ్వు తీసుకో వదినా అన్నాను. నువ్వేమన్నావో గుర్తుందా?”

నాహెద్‌కి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. కన్నతల్లి వీధి చివర నిలబడి నేను పెట్టే ముద్దలు లెక్కపెడుతుంటే, ఆ పిల్ల నాకు వద్దు. అదీ అన్న మాట. అప్పుడది న్యాయంగానే అనిపించింది. ఇప్పటికీ న్యాయమే అనిపిస్తోంది, అదే ఆమె తలనొప్పి.

“గుర్తుంది,” అంది.

“మరి ఇప్పుడు ఆ వీధి చివరే నన్ను దీనికి తల్లిని కమ్మని వచ్చావు. పాలిచ్చిన తల్లి తల్లే వదినా. పండక్కి నా చెయ్యి ముద్దు పెట్టుకోవాలి ఇది. నా పిల్లలు దీనికి తోబుట్టువులు. నేను లెక్కపెట్టనా ముద్దలు?”

“పెట్టుకో.”

“ఏంటి?”

“లెక్కపెట్టుకో అంటున్నాను. రోజూ వచ్చి పళ్ళెంలోకి తొంగి చూడు. నేను ఏమీ అనను.”

ఇంత మాట నాహెద్ నోటి నుంచి వస్తుందని రబాబ్ అనుకోలేదు. నాహెద్ కూడా అనుకోలేదు.

లోపలి గదిలోంచి లుజైన్ వచ్చింది. ఆనాడు వద్దన్న పిల్ల. పై నెలకి రెండేళ్ళు నిండుతాయి. అచ్చు రఊఫ్ కనుబొమలు. కొత్త మనిషిని, కొత్త మనిషి చంకలోని పిల్లని చూసి, నేరుగా తల్లి దగ్గరికి పోయి గల్లాబియ్యా గౌను గుండీలు లాగడం మొదలుపెట్టింది.

“కలబంద రాస్తున్నాను మూడు రోజులుగా,” అంది రబాబ్ దాని చెయ్యి పక్కకి తోస్తూ. “అయినా వదలదు. మొహం మాడ్చుకునే తాగుతుంది. పంతం ఎవరిదో.”

లేచి వెళ్ళి సబ్బుతో కడుక్కుని వచ్చింది. సోఫాలో కూర్చుని చేతులు చాచింది.

“ఇవ్వు.”

నాహెద్ ఇచ్చింది.

జుమానా కొంచెంసేపు మొహం అటూ ఇటూ తిప్పి, తర్వాత పట్టుకుంది. గుటకల చప్పుడు గదిలో వినబడుతోంది. వఫియ్యా పట్టినప్పుడు నాహెద్‌కి పండగలా ఉంది. ఇప్పుడు మాత్రం పిల్లని వెనక్కి లాక్కోవాలనిపించింది. ఈసారి అసూయే అది, వేరే పేరు పెట్టడానికి లేదు. తన పిల్ల ఇంకొకత్తె ఒళ్ళో కళ్ళు మూసుకుంటోంది. లుజైన్ తల్లి మోకాలి దగ్గర నిలబడి, తనకి చేదైన పాలు ఈ పిల్లకి తీపెలా అయ్యాయో అర్థంకాక చూస్తోంది.

“ఒకటి,” అంది రబాబ్.

* * *

శుక్రవారం సాయంత్రానికి రెండు. శనివారం పొద్దున్న మూడు, మధ్యాహ్నం నమాజుకి ముందు నాలుగు. ఒక్కో తడవకీ పిల్లకి నిజంగా ఆకలి వేయాలి, దానంతటది వదలాలి. అందుకని నాహెద్ ప్రతిసారీ ఇంటికి తీసుకెళ్ళి, సీసా ఇవ్వకుండా ఏడిపించి, మళ్ళీ ఆ మూడంతస్తులూ ఎక్కింది. పక్కవాటా ఉమ్ ఫత్హీ సాక్షిగా కూర్చుని, తనను అడగని విషయాలన్నీ మాట్లాడి పోయేది.

నాలుగో తడవ అయ్యాక ఉమ్ ఫత్హీ అన్నం వార్చాలని లేచింది. ఇద్దరే మిగిలారు.

“షౌకత్ ఎలా ఉన్నాడు?” అని అడిగింది నాహెద్. రబాబ్ భర్త లిబియాలో కట్టుబడి పనికి వెళ్ళి ఏడాది.

“ఉన్నాడు.”

“ఫోను చేస్తున్నాడా?”

రబాబ్ జుమానా చెవి వెనక పాల చుక్క తుడిచింది. “రేపు వారం మొదలు. అప్పటి నుంచి కుట్టు కార్ఖానాకి పోతున్నాను. పెద్ద పిల్లలు ముగ్గురూ బడికి పోతారు.”

నాహెద్ ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని నాహెద్ తర్వాత చాలాసార్లు అనుకుంది.

సాయంత్రం నాలుగున్నరకి ఐదో తడవకి వచ్చింది. ఈసారి రఊఫ్ కూడా వచ్చి కింద వీధిలో, బీన్సు కొట్టు ముందు నిలబడ్డాడు. పైకి రమ్మంటే తలూపలేదు. పైన రబాబ్ సోఫాలో కూర్చుని ఉంది. ఉమ్ ఫత్హీ తన కుర్చీలో ఉంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. కానీ రబాబ్ చేతులు చాచలేదు.

“నాదొక మాట ఉంది వదినా.”

“పిల్ల ఏడుస్తోంది రబాబ్. ముందు పట్టు.”

“ముందు మాట.” ఆమె గుండీ మీద చెయ్యి వేసి అక్కడే ఆపింది. “లుజైన్‌ని నీతో తీసుకెళ్ళు. నేను కంటికి కనబడుతుంటే ఇది పాలు మానదు. కొన్నాళ్ళు మీ ఇంట్లో ఉంటే మర్చిపోతుంది. అమ్మ కూడా అక్కడే ఉందిగా.”

ఉమ్ ఫత్హీ తల ఆడించింది. “అలాగే మాన్పించాలమ్మా. నా మూడోదాన్ని మా అక్క దగ్గర పెట్టాను. నాలుగు రోజుల్లో నన్నే మర్చిపోయింది.”

వినడానికి ఎంత చిన్న మాట. ప్రతి ఇంట్లోనూ జరిగేదే. కానీ సంస్థ షరతుల్లో ఒకటి నాహెద్‌కి పాఠంలా నోటికి వచ్చు. మొదటి ఆరు నెలలూ ఆ కప్పు కింద ఐదేళ్ళలోపు పిల్ల ఇంకొకటి ఉండకూడదు. చుట్టాల పిల్లయినా సరే, ఒక్క రాత్రయినా సరే. కొత్త పిల్లకి ఇల్లు అలవాటయ్యేదాకా ఆ ఇంటి చేతులన్నీ దానికే ఉండాలట. అర్జీ పెట్టేటప్పుడు నాహెద్ ఆ షరతు చదివి, ఎంత బాగా ఆలోచించారో అని మెచ్చుకుంది.

“సోమవారం తీసుకెళ్తాను,” అంది. “ఆదివారం మేడమ్ వచ్చి పోనీ.”

“ఆదివారం పొద్దున్న ఏడింటికి నేను కార్ఖానాలో ఉండాలి. దీన్ని ఎవరి మొహాన కొట్టి పోను?”

“ఉమ్ ఫత్హీ ఉంది కదా.”

“నాకు మోకాళ్ళ నొప్పులమ్మా,” అంది ఉమ్ ఫత్హీ వెంటనే.

“సంస్థ వాళ్ళు ఒప్పుకోరు రబాబ్. వాళ్ళ పద్ధతి వేరు. ఇంకో చిన్నపిల్ల ఇంట్లో కనబడితే...”

“అయితే ఒక్కటే ఉంచుకో.”

ఆ మాట రబాబ్ చాలా మామూలుగా అంది. నాహెద్ ఆమె మొహంలోకి చూసింది. అక్కడ కోపం లేదు, పగ లేదు. కళ్ళ కింద నల్లగా ఉంది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. తిట్టి ఉంటే నాహెద్‌కి తేలికయ్యేది.

జుమానా ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. వాసన తెలుసుకున్నట్టు రబాబ్ వైపే వంగుతోంది. నాలుగు తడవలంటే ఏమీ కాదు. నాలుగుతో రఊఫ్ పరాయివాడే. రబాబ్ పాలు రేపో ఎల్లుండో ఇంకిపోతాయి. ఇంకో ఆడబిడ్డ లేదు, ఇంకో వారం లేదు. ఈ గదిలోంచి బయటికి ఉన్న తలుపులన్నీ నాహెద్ మనసులో ఒక్కొక్కటే తోసి చూసింది.

రేపు మేడమ్ వచ్చే గంటసేపు లుజైన్‌ని అత్తయ్య మేడ మీదకి తీసుకెళ్తే సరి. నాలుగు రోజులే కదా. మహా అయితే వారం.

“సరే,” అంది. “తీసుకెళ్తాను.”

“ఒట్టు?”

“పిల్ల మీద ఒట్టు.”

ఏ పిల్ల మీదో రబాబ్ అడగలేదు. గుండీ విప్పింది.

జుమానా ఆవురావురుమని తాగింది. తాగి, తనంతట తానే వదిలి, రబాబ్ చేతి మీద తల వాల్చి నిద్రపోయింది. ఉమ్ ఫత్హీ “ఐదు, దేవుడు సాక్షి” అని మోకాళ్ళు పట్టుకుని లేచింది. అంతే. కింద వీధిలో నిలబడ్డ మనిషి ఆ క్షణాన మేనమామ అయ్యాడు. ఆ సంగతి అతనికింకా తెలియదు.

నాహెద్‌కి ఏడుపొచ్చింది. పిల్లని అందుకుని, ఆడబిడ్డ నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. రెండేళ్ళకి పైగా గడిచాక. రబాబ్ కదలకుండా కూర్చుని పెట్టించుకుంది.

“రేపు సంతకానికి మధ్యాహ్నం భోజనం గంటలో వస్తాను,” అంది. “మేడమ్‌ని ఒంటిగంట దాకా కూర్చోబెట్టు. లుజైన్‌ని చూసుకున్నట్టూ ఉంటుంది. అది ఇంట్లో నా కంటికి కనబడాలి వదినా, అప్పుడే పెడతాను.”

నాహెద్ చేతిలో నిద్రపోతున్న పిల్ల ఒక్కసారిగా బరువెక్కింది. మేడ మీదకి తీసుకెళ్ళే ఆలోచన అక్కడికక్కడే పోయింది. మేడమ్, రబాబ్, లుజైన్, ముగ్గురూ ఒకే గదిలో, ఒంటిగంటకి.

“రబాబ్...”

“దానికి చెప్పులు వేశాను. మెట్లు తనే దిగుతుంది, ఎత్తుకోనక్కర్లేదు.”

మంచం కింద నుంచి జిప్పు సంచీ ఒకటి లాగి నాహెద్ భుజానికి తగిలించింది. లుజైన్ జుట్టు ఒకసారి వెనక్కి దువ్వింది, చేత్తోనే. ముద్దు పెట్టుకోలేదు. వాళ్ళు గుమ్మం దాటగానే తలుపు వేసుకుంది.

కింద రఊఫ్ ఎదురొచ్చాడు. మొదట భార్య మొహం చూశాడు. ఆమె ఐదు వేళ్ళు చూపించింది. అతను నిద్రలో ఉన్న జుమానాని అందుకుని, వీధిలో అందరూ చూస్తుండగా దాని తల మీద మొహం ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు. తీశాక, నాహెద్ వేలు పట్టుకున్న లుజైన్ కనబడింది.

“ఇది ఎక్కడికి?”

“పాలు మాన్పించడానికి. నాలుగు రోజులు.”

“నాహెద్, షరతు...”

“తెలుసు. ఇంటికి పద, చెప్తాను.”

అతను పిల్లని ఒక చేతికి మార్చుకుని ఆమె భుజం నుంచి సంచీ తీసుకున్నాడు. “నాలుగు రోజులకి ఇంత బరువేంటి?”

బీన్సు కొట్టు అరుగు మీద పెట్టి జిప్పు లాగాడు. జూన్ నెల ఎండలో సంచీ నిండా ఊలు బట్టలు. మందపాటి కోటు, రెండు స్వెటర్లు, ఇంకా లుజైన్ కాళ్ళకి పెద్దవయ్యే బూట్లు. వాటి పైన ప్లాస్టిక్ కవరులో టీకాల కార్డు, దాని వెనక మడతపెట్టిన కాగితం.

రఊఫ్ కాగితం విప్పాడు. లుజైన్ జనన ధ్రువపత్రం, అసలుది.

ఇద్దరూ తలెత్తి మూడో అంతస్తు వైపు చూశారు. కిటికీ చెక్కలు మూసి ఉన్నాయి.